చిన్న రైలు కోసం ఒక గది: గేమ్ ఇంజిన్‌తో యానిమేషన్ షార్ట్ ఫిల్మ్ ఎలా తీయాలి

నౌపడ నుంచి ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడికి 1900లో ఒక చిన్న రైలు మొదలైంది. పట్టాల మధ్య దూరం రెండడుగుల ఆరంగుళాలు. 1931లో దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. 2011 నాటికి ఆ దారంతా బ్రాడ్‌గేజ్ అయిపోయింది. మా అమ్మమ్మకు మాత్రం స్టేషన్ అంటే ఇప్పటికీ ఆ చిన్న రైలే. పాతపట్నం వైపు నుంచి పొగ కనిపించగానే సంచి సర్దుకుని లేచి నిలబడేవాళ్లమని చెబుతుంది. ఆ లేచి నిలబడటాన్ని ఒక సినిమాగా తీయాలనిపించింది. నిమిషం నలభై సెకన్లు, ఒక ప్లాట్‌ఫారం, ఒక ముసలావిడ, ఒక మనవడు, చివర్లో పొగ. పర్లాకిమిడిలో మా ఇంటి మేడ మీద గదిలో, ఒక్క కంప్యూటర్‌తో, ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వాడి దాన్ని పూర్తిచేశాను. రాయగడ, గుణుపురం, బరంపురం వైపు మన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఎలా చేశావని అడిగారు. వాళ్లకు చెప్పినదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు గేమ్ ఇంజిన్, అంటే ఆ ఆటల సాఫ్ట్‌వేర్, ఎందుకో చెప్పాలి. మామూలు త్రీడీ యానిమేషన్‌లో ఒక్కో బొమ్మను కంప్యూటర్ నిదానంగా లెక్కగట్టి తయారుచేస్తుంది. దాన్నే రెండర్ అంటారు. నా సినిమా 100 సెకన్లు. సెకనుకు 24 ఫ్రేములు (విడి బొమ్మలు), అంటే 2400 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు నాలుగు నిమిషాలు పడితే 160 గంటలు, దాదాపు ఏడు రోజులు కంప్యూటర్ ఆగకుండా నడవాలి. తప్పు కనిపిస్తే మళ్లీ మొదటికే. ఆటలో అలా కుదరదు, మీరు మీట నొక్కిన మరుక్షణం బొమ్మ మారాలి. అందుకే గేమ్ ఇంజిన్ సెకనుకు పదుల ఫ్రేములు గీసేలా తయారైంది. సినిమాకు నాణ్యత పెంచుకుని, ఒక్కో ఫ్రేముకు 12 సెకన్లు తీసుకున్నా నా 2400 ఫ్రేములు ఎనిమిది గంటల్లో అయిపోయాయి. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకు సినిమా ఉంటుంది. నాకు అంతకంటే ఎక్కువ పనికొచ్చింది ఇంకొకటి. సూర్యుణ్ణి పక్కకు జరిపితే ప్లాట్‌ఫారం మీద నీడ నా కళ్లముందే జరుగుతుంది. వెలుతురు నచ్చేదాకా వందసార్లు మార్చుకోవచ్చు. ఒంటరిగా పనిచేసేవాడికి ఈ స్వేచ్ఛే పెద్ద ఆస్తి.

ఏ సాఫ్ట్‌వేర్, ఏ కంప్యూటర్

నేను వాడింది అన్‌రియల్ ఇంజిన్ 5. ఎపిక్ గేమ్స్ సంస్థ దాన్ని 2022 ఏప్రిల్‌లో విడుదల చేసింది. మనలాంటివాళ్లకు ఉచితం. ఆటలు అమ్మేవాళ్లకు రాయల్టీ లెక్క ఉంది కానీ సినిమాకు రాయల్టీ లేదు. ఏడాదికి పది లక్షల డాలర్లు దాటి సంపాదించే కంపెనీలకు మాత్రమే 2024 నుంచి సీటుకింత, అంటే వాడే ఒక్కో మనిషికి ఇంత అని రుసుము పెట్టారు.

అన్‌రియల్‌కు బలమైన కంప్యూటర్ కావాలి. 32 జీబీ ర్యామ్, 8 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ ఉంటే హాయిగా పనిచేసుకోవచ్చు. 16 జీబీ ర్యామ్, 6 జీబీ కార్డుతో కూడా నడుస్తుంది. పనిచేసేటప్పుడు బొమ్మ నాణ్యతను పెంచే తగ్గించే స్కేలబిలిటీ సెట్టింగ్‌ను మీడియంలో పెట్టుకుని, రెండర్ అప్పుడే పైకి తీసుకెళ్లాలి. మీ దగ్గర ఉన్నది 4 జీబీ కార్డున్న కాలేజీ లాప్‌టాప్ అయితే అన్‌రియల్‌తో కుస్తీ పట్టకండి, బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అది పూర్తిగా ఉచితం. 2019లో వచ్చిన 2.80 వెర్షన్ నుంచి అందులో ఈవీ అనే రియల్‌టైమ్ రెండరర్ (గేమ్ ఇంజిన్‌లా త్వరగా బొమ్మ గీసేది) ఉంది. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకున్న లాట్వియా సినిమా ఫ్లో తయారైంది బ్లెండర్‌లోనే, రెండర్ అయింది ఈవీతోనే. ఇక్కడ నేను చెప్పేదాంట్లో ఎక్కువ భాగం బ్లెండర్‌కూ వర్తిస్తుంది, బటన్ల పేర్లు మారతాయంతే.

అన్‌రియల్ డౌన్‌లోడ్ పదుల జీబీలు ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆప్షన్స్ తెరిస్తే ఆండ్రాయిడ్, ఐఓఎస్ లాంటివి కనిపిస్తాయి. సినిమాకు అవి అక్కర్లేదు, టిక్ తీసేయండి, చాలా డేటా మిగులుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవాళ్లు ఫైబర్ ఉన్న స్నేహితుడి ఇంటికి కంప్యూటర్ పట్టుకెళ్లి ఒకేసారి అన్నీ దించుకోవడం మంచిది. ప్రాజెక్ట్ ఫోల్డర్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్నగా, ఖాళీలు లేకుండా పెట్టండి. తెలుగులోనో ఒడియాలోనో పేరు పెడితే ఎక్కడో ఒకచోట ఫైలు తెరుచుకోక ఇబ్బంది పెడుతుంది.

కరెంటు సంగతి మన జిల్లాల్లో వేరేగా చెప్పాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లా రోజుల తరబడి చీకట్లో ఉంది. అంత పెద్దది రాకపోయినా వేసవి గాలివానకు తీగ తెగితే చాలు. కంప్యూటర్‌కు యూపీఎస్ తప్పనిసరి. పది నిమిషాలు నిలబెట్టినా సేవ్ చేసి ఆపుకోవచ్చు. ఆటోసేవ్ ఐదు నిమిషాలకు పెట్టుకోండి. వారానికోసారి ప్రాజెక్టును బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. కంటెంట్, కాన్ఫిగ్ ఫోల్డర్లు, ప్రాజెక్ట్ ఫైలు ఉంటే చాలు. ఇంటర్మీడియట్, డిరైవ్డ్ డేటా క్యాష్ లాంటివి ఇంజిన్ మళ్లీ తనే తయారుచేసుకుంటుంది. సినిమా సగంలో ఉండగా కొత్త వెర్షన్ వచ్చిందని ఇంజిన్ మార్చకండి. మొదలుపెట్టిన వెర్షన్‌లోనే ముగించండి.

కథను కోసుకోవడం

నా మొదటి కథలో రైలు నౌపడలో బయల్దేరి, టెక్కలి, పాతపట్నం దాటి, పర్లాకిమిడి చేరేది. పెట్టెలో ఎనిమిదిమంది మనుషులు, కిటికీలోంచి మహేంద్రగిరి కొండ. నాలుగు నెలలు గడిచాక నా దగ్గర ఒక పెట్టె, ఇద్దరు మనుషులు మాత్రమే ఉన్నారు, అదీ కదలకుండా. అప్పుడు కూర్చుని లెక్క వేశాను. ప్రతి కొత్త మనిషికి మూడు వారాలు, ప్రతి కొత్త చోటుకు రెండు వారాలు. మీరూ కథ రాయగానే ఈ లెక్క వేయండి. మొదటి సినిమాకు ఒక చోటు, ఇద్దరు మనుషులు, రెండు నిమిషాల లోపు, పదిహేను నుంచి ఇరవై షాట్లు. అంతకు మించితే కథను కోయండి, కానీ గుండెకాయ లాంటి క్షణాన్ని కోయకండి. నా కథలో ఆ క్షణం అమ్మమ్మ లేచి నిలబడటం. మిగతాదంతా దానికోసమే ఉండాలని తేల్చుకున్నాక రైలు పూర్తిగా కనిపించాల్సిన అవసరమే లేకపోయింది. పొగ, కూత, ప్లాట్‌ఫారం మీద పాకే నీడ సరిపోయాయి.

గొంతు ముందు, బొమ్మ తర్వాత

కంప్యూటర్ తెరవకముందే మాటలు రికార్డు చేయండి. ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మండి. గొంతులో ఎక్కడ ఆగారో, ఎక్కడ ఊపిరి పీల్చారో తెలియకుండా కదలిక వేస్తే మనిషి బొమ్మలాగే ఉండిపోతుంది.

మాటలు మీ ఊరి మాటలే ఉండాలి. మొదట నేను అమ్మమ్మ చేత "ఏమిటి బాబూ, రైలు వచ్చిందా?" అనిపించాను. చదివి వినిపిస్తే ఆవిడ అలా ఎవరంటారని అడిగింది. తనంతట తానే "ఏటిరా, బండి వచ్చీసిందేటి?" అంది. ఆ టేకే సినిమాలో ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం అంత పోరాడింది పర్లాకిమిడిలో ఉంటూనే. మన సినిమాల్లో మనుషులు పుస్తకంలా మాట్లాడితే ఎలా? మన ఇళ్లల్లో తెలుగు వాక్యం మధ్య ఒడియా మాట దొర్లుతుంది, టీ కొట్టు దగ్గర పూర్తిగా ఒడియాలోకి మారిపోతాం. అది కూడా అలాగే ఉంచండి.

రికార్డింగ్‌కు ఫోన్ చాలు. ఫ్యాన్ ఆపి, ఫ్రిజ్ ప్లగ్ తీసి, తలుపులు మూసి, మంచాల మీద బొంతలు నిలబెట్టి మధ్యలో కూర్చోబెట్టండి. ఫోన్ నోటికి జానెడున్నర దూరంలో, కాస్త పక్కగా. ఎదురుగా పెడితే ప, బ అక్షరాల గాలి కొడుతుంది. మాటలయ్యాక అందరూ మౌనంగా ఉండి, ఖాళీ గదిని అర నిమిషం రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో రెండు మాటల మధ్య అతుకు పెట్టడానికి ఆ నిశ్శబ్దం కావాలి.

ఆ తర్వాత కాగితం మీద షాట్లు గీయండి. గీతలు బాగా రాకపోయినా పరవాలేదు. ఎవరు ఎటు ఉన్నారో, ఎంత దగ్గరగా ఉన్నారో తెలిస్తే చాలు. వాటిని ఫోన్‌తో ఫొటోలు తీసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గొంతు కింద వరసగా పేర్చండి. దీన్ని యానిమేటిక్ అంటారు. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఇందుకు, తర్వాత చివరి ఎడిటింగ్‌కు కూడా సరిపోతుంది. అందులో ఏ ఫైలూ పెట్టకముందే ఫ్రేమ్ రేట్ 24 అని సెట్ చేయండి, పెట్టాక మార్చనివ్వదు. ఈ గీతల సినిమాను ఇంట్లో వాళ్లకు చూపించండి. వాళ్లకు కథ అర్థం కాకపోతే త్రీడీలో చేసినా అర్థం కాదు.

సెట్ వేయడం

అన్‌రియల్‌లో ఒక యూనిట్ అంటే ఒక సెంటీమీటరు. కొలతలు నిజమైనవే పెట్టండి. నా చిన్న రైలు పట్టాల మధ్య దూరం 76.2 యూనిట్లు. బ్రాడ్‌గేజ్ అయితే 167.6 ఉండేది. ఆ తేడా వల్లే రైలు చిన్నదిగా, మనిషికి దగ్గరగా కనిపిస్తుంది. కొలత తప్పితే వెలుతురు, కెమెరా లెన్సు, బట్ట ఊగడం అన్నీ తప్పుతాయి. బ్లెండర్‌లో తయారుచేసి ఎఫ్‌బీఎక్స్ ఫైలుగా తెచ్చుకునేటప్పుడు ఆరడుగుల డబ్బా ఒకటి పక్కన పెట్టుకుని పోల్చి చూడండి.

ఇంజిన్‌తో పాటు దొరికే ఉచిత సామాను చూస్తే ఆశ పుడుతుంది. ఫ్యాబ్ అనే వాళ్ల అంగడిలో రాళ్లు, చెట్లు, గోడలు చాలా ఉన్నాయి. వాటితో కట్టేస్తే ఊరు యూరప్‌లా తయారవుతుంది. మన ప్లాట్‌ఫారం పక్కన ఉండేది తాటిచెట్టు, జీడిమామిడి, ఎర్రమట్టి, పెంకుల కప్పు, సున్నం రాలిన గోడ. నేల, రాళ్లు, పొదలు అక్కడి నుంచి తీసుకోండి, కంటికి ముందు కనిపించే ఐదారు వస్తువులు మాత్రం మీరే తయారుచేయండి. సున్నం గోడను మబ్బు పట్టిన రోజు ఎదురుగా నిలబడి ఫొటో తీస్తే నీడలు లేని మంచి టెక్స్‌చర్ (ఆకారం మీద అతికించే బొమ్మ) దొరుకుతుంది. రియాలిటీస్కాన్ అనే ఉచిత ఫోన్ యాప్‌తో వస్తువు చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీస్తే అది త్రీడీ బొమ్మగా మారుస్తుంది. మా పాత చెక్కబెంచీ, వెదురు బుట్ట అలా వచ్చినవే. ఇత్తడి చెంబు మాత్రం రాలేదు, మెరిసేవీ గాజువీ స్కాన్‌కు లొంగవు. చెంబును బ్లెండర్‌లో చేసుకోవడం అరగంట పని. ఏ వస్తువు తీసుకున్నా దాని లైసెన్సు చదవండి. కొన్ని అన్‌రియల్‌లో మాత్రమే వాడాలనే షరతుతో వస్తాయి.

చీర కట్టుకున్న మనిషి నడక

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే, అందుకే కాస్త ఆగి చెబుతాను.

అన్‌రియల్‌తో మెటాహ్యూమన్ అనే సాధనం వస్తుంది. మనిషి ముఖాన్ని ఎంతో నిజంగా తయారుచేస్తుంది. నేను దాన్ని వదిలేశాను. జుట్టు, చర్మం కలిసి నా కార్డు మీద చాలా బరువయ్యాయి. పైగా ముఖం అంత నిజంగా ఉంటే కదలికలో చిన్న లోపం కూడా చూసేవాళ్లను భయపెడుతుంది. కొయ్యబొమ్మలా కొండగుర్తులతో ఉండే ముఖమైతే అదే లోపాన్ని కన్ను క్షమిస్తుంది. పెద్ద ముక్కు, చెవికి కమ్మ, నుదుటి ముడతలు మూడు గీతలు, అంతే మా అమ్మమ్మ.

మనిషి ఆకారాన్ని అడోబీ వాళ్ల మిక్సామో సైట్‌లో పెడితే ఎముకలు, అంటే రిగ్, తనే అమరుస్తుంది. నడక, కూర్చోవడం, లేవడం లాంటి కదలికలు కూడా ఉచితంగా ఇస్తుంది. ప్యాంటు వేసుకున్న మనవడికి బాగానే కుదిరింది. చీరతో పెడితే మాత్రం రెండు కాళ్లకూ చీర అతుక్కుని మధ్యలో చీలినట్టు సాగింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. దీనికి నేను చేసినది ఇది: చీరను ఒంటి నుంచి వేరే మెష్‌గా, అంటే విడి త్రీడీ ఆకారంగా చేశాను. నడుము కింద భాగానికి కాళ్ల ఎముకలు తగిలించకుండా, నడుము నుంచి చుట్టూ ఆరు చిన్న ఎముకల గొలుసులు దించాను. కాలు ముందుకు వచ్చినప్పుడు ముందు గొలుసును చేత్తో కొంచెం తోశాను. పైట వేరే. కొంగు గాలికి ఊగే ఒక్క షాట్ కోసం బ్లెండర్‌లో క్లాత్ సిమ్యులేషన్ (బట్ట ఊగడాన్ని కంప్యూటర్‌తో లెక్కగట్టించడం) చేసి, అలెంబిక్ ఫైలుగా అన్‌రియల్‌లోకి తెచ్చాను. ఆ ఫైలు బరువు ఎక్కువ, కాబట్టి ఒకటి రెండు షాట్లకు మించి వద్దు.

నడక కూడా మార్చాలి. మిక్సామో నడకలో అడుగు పొడుగ్గా పడుతుంది, భుజాలు ఊగుతాయి. చీర కట్టుకున్న డెబ్భై ఏళ్ల మనిషి అడుగు పొట్టిగా పడుతుంది, ఒక చెయ్యి కుచ్చిళ్ల దగ్గరో కొంగు దగ్గరో ఉంటుంది, బరువు ఒక మోకాలి మీద ఎక్కువ పడుతుంది. మా అమ్మమ్మ బెంచీ మీంచి లేవడాన్ని పక్కనుంచి, ఎదురు నుంచి ఫోన్‌లో వీడియో తీశాను. ముందు సంచి తీసుకుంటుంది, తర్వాత అరచెయ్యి బెంచీ మీద ఆనిస్తుంది, ముందుకు వంగుతుంది, అప్పుడు లేస్తుంది, లేచాక కొంగు సర్దుకుంటుంది. మొత్తం నాలుగున్నర సెకన్లు, అంటే 108 ఫ్రేములు. రెడీమేడ్ కదలికలో అది సెకనున్నరలో అయిపోయింది. వీడియోను పక్కన పెట్టుకుని, ముఖ్యమైన ఐదు భంగిమలను ఎముకలను కదిపే కంట్రోల్ రిగ్‌తో, షాట్లు పేర్చే టైమ్‌లైన్ అయిన సీక్వెన్సర్‌లో కీ ఫ్రేములుగా పెట్టి, మధ్యలో సర్దుకుంటూ వచ్చాను. రెడీమేడ్ కదలిక కింద ఉంచి, దాని మీద అదనంగా కలిపే అడిటివ్ లేయర్‌లో చేతులు, తల మాత్రమే మార్చడం కూడా బాగా పనికొస్తుంది. వీపు వంపును అలాగే సరిచేశాను.

పెదాల కదలికకు యంత్రాల మీద ఆధారపడకుండా చేత్తో చేయవచ్చు. ఐదు నోటి ఆకారాలు చాలు: మూసిన నోరు, ఆ, ఈ, ఊ, ఇక కింది పెదవి పళ్లకు తగిలే వ. ప, బ, మ వచ్చినచోట పెదాలు కచ్చితంగా మూసుకోవాలి, అదీ శబ్దానికి ఒకటి రెండు ఫ్రేముల ముందే. అవి తప్పితే డబ్బింగ్ సినిమాలా అనిపిస్తుంది. మిగతావి కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కదా, మాట అయ్యాక నోరు టక్కున మూసేయకండి, నాలుగైదు ఫ్రేముల్లో నెమ్మదిగా మూయండి. ప్రతి అక్షరానికీ ఆకారం పెట్టాలని చూస్తే నోరు వణికినట్టు ఉంటుంది.

కెమెరా, వెలుతురు

సీక్వెన్సర్ తెరిచి ప్రతి షాట్‌ను వేరే సీక్వెన్స్‌గా పెట్టుకోండి. సినీ కెమెరాలో 35 ఎంఎం, 50 ఎంఎం రెండు లెన్సులతోనే సినిమా మొత్తం తీయవచ్చు. గేమ్ ఇంజిన్‌లో కెమెరాకు బరువు ఉండదు కాబట్టి దాన్ని గాల్లో ఎగరేయాలనిపిస్తుంది. మనిషి భుజం మీద కెమెరా పెట్టుకుని చేయలేనిది మీరూ చేయకండి. నా సినిమాలో పద్దెనిమిది షాట్లుంటే కెమెరా కదిలేది మూడింట్లోనే.

వెలుతురు పెట్టే ముందు ఒక పని తప్పక చేయాలి. ఇంజిన్ మన కన్నులాగే చీకట్లో కనుపాపను పెద్దది చేస్తూ, వెలుగులో చిన్నది చేస్తూ ఉంటుంది. ఆటో ఎక్స్‌పోజర్ అంటారు. దాన్ని అలాగే ఉంచితే షాట్ మధ్యలో వెలుగు ఊగుతుంది. బొమ్మ రంగు, వెలుగు సర్దే పోస్ట్ ప్రాసెస్ వాల్యూమ్ ఒకటి పెట్టి, ఇన్ఫినిట్ ఎక్స్‌టెంట్ టిక్ చేసి, మీటరింగ్ మోడ్‌ను మాన్యువల్ చేయండి. తెర ఒక్కసారిగా నల్లబడితే భయపడకండి, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ పెంచితే తిరిగి వస్తుంది.

సూర్యుడి కోణం ఊరిని చెబుతుంది. పర్లాకిమిడి భూమధ్యరేఖకు ఉత్తరాన 18.8 డిగ్రీల దగ్గర ఉంది. మే నెల మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, నీడ కాళ్ల కిందే ఉండిపోతుంది. డిసెంబర్ చివర్లో మధ్యాహ్నం కూడా 48 డిగ్రీల ఎత్తుకు మించడు. ఇంజిన్‌లో సూర్యుడిగా పనిచేసే డైరెక్షనల్ లైట్ కోణాన్ని మీ కథ జరిగే నెలకు తగ్గట్టు పెట్టండి. నాది డిసెంబర్ సాయంత్రం, అందుకే నీడలు ప్లాట్‌ఫారం అడ్డంగా పాకాయి. దీపాల రంగును కెల్విన్ అంకెల్లో ఇవ్వవచ్చు. కిరసనాయిలు బుడ్డికి 1900 దగ్గర, పాత ఫిలమెంట్ బల్బుకు 2700, ట్యూబ్‌లైట్‌కు 6500. వానాకాలం షాట్ కావాలంటే సూర్యుడి బలం తగ్గించి, స్కై లైట్ (ఆకాశం వెలుగు) పెంచి, హైట్ ఫాగ్ (మంచు) కాస్త కలిపితే మహేంద్రగిరి వైపు నుంచి దిగే ముసురు కనిపిస్తుంది. ఈ పనికి తొందరపడకండి. మీ ఊళ్లో అదే చోటును పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఫోన్‌తో ఫొటో తీసుకుని వచ్చి, పక్కన పెట్టుకుని పోల్చండి.

రెండర్

మూవీ రెండర్ క్యూ అనే ప్లగిన్ ఆన్ చేయండి. నేరుగా వీడియోగా తీయకుండా ఒక్కో ఫ్రేమును వేరే ఫైలుగా తీయండి. నాకు 1700వ ఫ్రేము దగ్గర కరెంటు పోయి, యూపీఎస్ కూడా ఆగిపోయింది. విడి ఫ్రేములు కాబట్టి మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టాను. వీడియోగా పెట్టి ఉంటే రాత్రంతా పోయేది. రంగులు తర్వాత ఎక్కువగా సరిదిద్దాలనుకుంటే 16 బిట్ ఈఎక్స్ఆర్, లేకపోతే పీఎన్‌జీ. కుదించని ఈఎక్స్ఆర్ హెచ్‌డీలో ఒక్కోటి 12 నుంచి 16 ఎంబీ ఉంటుంది, 2400 ఫ్రేములకు 30 నుంచి 40 జీబీ. డిస్క్‌లో చోటు ముందే చూసుకోండి.

అంచుల గరుకు తీసే యాంటీ ఎలియాసింగ్ సెట్టింగ్‌లో స్పేషియల్ 1, టెంపొరల్ 16 పెడితే అంచులు నున్నగా వస్తాయి, మోషన్ బ్లర్ (కదిలేటప్పటి మసక) కూడా బాగుంటుంది. వార్మప్ ఫ్రేములు 30 పైన పెట్టండి. అవి లేకపోతే షాట్ మొదట్లో పొగ ఇంకా పుట్టకుండానే, వెలుతురు కుదురుకోకుండానే రికార్డు మొదలవుతుంది. రాత్రి మొత్తం పెట్టే ముందు ప్రతి షాట్‌లో మొదటి, మధ్య, చివరి ఫ్రేములను మాత్రమే తీసి చూసుకోండి.

శబ్దం, అక్షరాలు, పంపించడం

బొమ్మలో ఉన్న లోటును శబ్దం పూడుస్తుంది, శబ్దంలో లోటును బొమ్మ పూడ్చలేదు. రేకుల కప్పు మీద వాన, కాకులు, దూరంగా గుడి గంట, సైకిల్ స్టాండు వేసిన చప్పుడు, ఇవన్నీ మీ వీధిలో దొరుకుతాయి. ఫోన్‌తో నెల రోజులు పోగుచేయండి. మాటలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసి, యూట్యూబ్ కోసం మొత్తం మీద మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (శబ్దం ఎంత పెద్దగా వినిపిస్తుందో కొలిచే యూనిట్) దగ్గర ఉంచండి. ఎక్కడా సంగీతం తప్పనిసరి అనుకోకండి. అమ్మమ్మ లేచే షాట్‌లో నేను పెట్టింది చీర గరగర, బెంచీ కిర్రుమనడం మాత్రమే.

తెలుగు టైటిళ్లను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా టైప్ చేస్తే కొన్నిసార్లు వత్తులు విడిపోతాయి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీగా తెచ్చి పెట్టుకోండి.

సబ్‌టైటిల్స్ రెండు చేయండి, ఒడియా ఒకటి, ఇంగ్లీషు ఒకటి. మన పొరుగువాళ్లు, బడిలో మనతో చదివినవాళ్లు ఒడియావాళ్లే. సినిమా వాళ్లకూ చేరాలి. నేను చదవడం రాయడం ఒడియాలోనే నేర్చుకున్నా, మా ఎదురింటి మాస్టారి చేత ఒకసారి చదివించాను. ఆయన మూడుచోట్ల దిద్దారు. ఎస్ఆర్‌టీ ఫైలును, అంటే సబ్‌టైటిల్స్ ఫైలును యూటీఎఫ్-8గా సేవ్ చేయకపోతే అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి.

ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు పంపాలనుకుంటే ముందు యూట్యూబ్‌లో పెట్టకండి. అప్పటికే బయట కనిపించిన సినిమాను కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు. ముంబైలో రెండేళ్లకోసారి జరిగే మిఫ్ (ముంబై ఇంటర్నేషనల్ ఫిల్మ్ ఫెస్టివల్), తిరువనంతపురంలో కేరళ ప్రభుత్వం నడిపే డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ పండగ, ఈ రెండూ యానిమేషన్‌ను తీసుకుంటాయి. నిబంధనల్లో సినిమా ఎప్పుడు పూర్తయి ఉండాలి, నిడివి ఎంత, ఏ ఫైలు పంపాలి అనే మూడు చూసుకుంటే చాలు. చివరి ఫైలు, విడి ఫ్రేములు, మాటల ఫైళ్లు అన్నీ రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టండి. వాటిలో ఒకటి మీ ఇంట్లో కాకుండా వేరే ఊళ్లో ఉండాలి. నాది బరంపురంలో మా పిన్ని ఇంట్లో, బియ్యం డబ్బా పై అరలో ఉంది.